దుమ్ము పుట్టిన చోటే పట్టాలి: చెక్క ఫ్యాక్టరీల వాళ్ల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ బెంగళూరు నుంచే వచ్చాయి, దాదాపు అన్నీ ఒకే విషయం మీద. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊరూ పనీ మాత్రమే రాస్తున్నాను.

ప్రశ్న: సార్, పీణ్యాలో మాకు మాడ్యులర్ ఫర్నిచర్ యూనిట్ ఉంది. షెడ్డు 60 అడుగులు బై 100 అడుగులు, ఎత్తు 20. షీట్లు కోసే రంపాలు (ప్యానెల్ సాలు) రెండు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ రూటర్ ఒకటి, అంచులకు పట్టీ అతికించే ఎడ్జ్ బ్యాండర్ ఒకటి, పోయినేడు కొన్న, షీట్లు నునుపు చేసే వైడ్ బెల్ట్ సాండర్ ఉన్నాయి. 5 హెచ్‌పీ డస్ట్ కలెక్టర్ ఒకటి లోపలే పెట్టి, 4 అంగుళాల పీవీసీ పైపులతో అన్నిటికీ కలిపాం. అయినా సాయంత్రానికి ట్యూబ్‌లైట్ల మీద వేలితో పేరు రాయొచ్చు. ఒక సప్లయర్ మోటార్ మార్చి 15 హెచ్‌పీ పెట్టమంటున్నాడు. ఇంకొకాయన గోడకి ఆరు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, రూఫ్ మీద గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్లు చాలంటున్నాడు. ఏది నమ్మాలి?

జవాబు: ఇప్పుడే రెండింటికీ డబ్బు కట్టకండి. హెచ్‌పీ దగ్గర మొదలుపెట్టిన అప్‌గ్రేడ్‌లు చాలావరకు కరెంటు బిల్లు పెంచి ఊరుకుంటాయి. లెక్క మెషీన్ దగ్గర మొదలై, హుడ్డు (మెషీన్ దగ్గర దుమ్మును లాక్కునే మూతి), పైపు, ఫిల్టర్ అన్నీ దాటాక, ఆఖర్న మోటార్ దగ్గరికి రావాలి.

మొదట దుమ్ము ఎక్కడ తప్పించుకుంటోందో కళ్లతో చూడండి. సన్న దుమ్ము మామూలు వెలుతురులో కనపడదు, అందుకే మెషీన్ దగ్గర అంతా బాగానే ఉందని అనుకుంటాం. సాయంత్రం పని అయ్యాక షెడ్డు లైట్లు తీసేసి, ఒక్క ప్యానెల్ సా మాత్రం ఆన్ చేయించి ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన) షీటు కోయించండి. కోసేవాడికి తన ముందు సరిపడా వెలుతురు ఉండాలి, బ్లేడ్ గార్డు తీయకూడదు. మీరు దూరంగా ఒక పక్కన నిలబడి, బ్లేడుకు అవతల పక్క నుంచి గట్టి టార్చి మీ వైపు తిరిగేలా పట్టించండి. లైటు నేరుగా కంట్లో పడకుండా అడ్డం ఏదైనా పెట్టుకోండి. అప్పుడు బ్లేడు పైనుంచి పొగలా లేచి, కోసేవాడి ఛాతీ దగ్గర ఒక చుట్టు తిరిగి, అతని ముఖం మీదుగా పైకి పోయే ధార కనిపిస్తుంది. ట్యూబ్‌లైట్ల మీద పేరుకునేది అదే. ప్రతి మెషీన్‌కీ ఇలాగే చూసి, ఎక్కడెక్కడ లీకవుతోందో చాక్‌పీసుతో మెషీన్ మీదే గుర్తు పెట్టండి. సగం డిజైన్ అక్కడే తేలిపోతుంది.

చాలా ప్యానెల్ సాలకు రెండు పోర్టులుంటాయి, కింద 120 మిల్లీమీటర్లది, పైన గార్డు మీద 80ది. మన దగ్గర పైదానికి పైపు తగిలించే అలవాటు తక్కువ, పనికి అడ్డొస్తుందని పక్కన పడేస్తారు. కానీ మనిషి ముక్కుకి దగ్గరగా లేచే దుమ్ము పైదే. పీల్చే గాలికి దూరం పనికిరాదు. దీపాన్ని ఊదితే అడుగు దూరం నుంచైనా ఆరుతుంది గానీ నోటితో పీల్చి ఆర్పాలంటే మూతి కాలేంత దగ్గరకు వెళ్లినా ఆరదు కదా, హుడ్డు సంగతీ అంతే. పైపు మూతి నుంచి దాని వ్యాసమంత దూరం వెళ్లేసరికి లాగే వేగం దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అందుకే ఒక అడుగు పక్కన పెట్టిన పైపు, ఎంత హెచ్‌పీ అయినా, అలంకారమే.

ఇప్పుడు లెక్క. చెక్కపొడి పైపులో కూర్చోకుండా కొట్టుకుపోవాలంటే గాలి వేగం సెకనుకు 20 మీటర్ల దగ్గర, అంటే నిమిషానికి 4000 అడుగుల దరిదాపుల్లో ఉండాలి. ఆ వేగంతో 4 అంగుళాల పైపు మోసేది సుమారు 350 సీఎఫ్ఎమ్ (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి), 6 అంగుళాలది సుమారు 780. మీ ప్యానెల్ సాకి రెండు పోర్టులూ కలిపి దగ్గర దగ్గర 700 కావాలి, అంటే 4 అంగుళాల పైపు ఒక్కటి సగం పనే చేయగలదు. మోటార్ పెద్దది చేసి అదే పైపులోంచి రెట్టింపు లాగాలంటే ఒత్తిడి నాలుగు రెట్లు, కరెంటు ఎనిమిది రెట్లు కావాలి. 15 హెచ్‌పీ పెట్టమన్నాయన పైపు ఊసే ఎత్తకపోతే అసలు లెక్క వేయలేదన్నమాట.

మీ మెషీన్లకు నేను వేసుకున్న లెక్క ఇలా ఉంది. రెండు సాలకు 1400, సీఎన్‌సీకి 800, ఎడ్జ్ బ్యాండర్‌కు 700, సాండర్‌కు 1550, అన్నీ ఒకేసారి నడిస్తే సుమారు 4450 సీఎఫ్ఎమ్. మీ మెషీన్ల మాన్యువల్స్‌లో ఇంతకంటే ఎక్కువ అడిగితే, ముఖ్యంగా సాండర్‌కి, దాన్నే పట్టుకోండి. ఈ మొత్తానికి బ్లోయర్ (గాలిని లాగే ఫ్యాన్) దగ్గర మెయిన్ డక్ట్, అంటే అన్ని పైపులూ కలిసే పెద్ద గొట్టం, 14 అంగుళాలు, అక్కణ్ణుంచి మెషీన్ల వైపు పోయేకొద్దీ సన్నం కావాలి. ఫిల్టర్, డక్ట్, హుడ్డు కలిపి 250 మిల్లీమీటర్ల నీటిమట్టమంత ఒత్తిడి పోతుందనుకుంటే, ఆఖరికి మీకూ 15 హెచ్‌పీ దగ్గరే తేలొచ్చు. అదే మోటార్‌ని ఇప్పుడున్న 4 అంగుళాల పీవీసీ పైపులకు కడితే మాత్రం మోతే మిగులుతుంది.

బెంగళూరు విషయం ఒకటి చెప్పాలి. మనం సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉన్నాం, ఇక్కడి గాలి చెన్నైతో పోలిస్తే సుమారు పదో వంతు పలచన. కేటలాగుల్లో బ్లోయర్ ప్రెషర్ మామూలుగా సముద్ర మట్టం దగ్గరి గాలికి రాస్తారు, కాబట్టి ఇక్కడ గేజ్‌లో ఆ అంకె కనపడకపోతే బ్లోయర్ చెడిపోయిందని గొడవ పెట్టుకోకండి. కాకపోతే పలచని గాలి పొట్టును కాస్త తక్కువగా మోస్తుంది, అందుకని డక్టులో వేగం 20కి తగ్గకుండా, వీలైతే ఒకటి రెండు ఎక్కువే ఉంచమని అడగండి. కొటేషన్‌లో బెంగళూరు ఎత్తుకి లెక్క వేశారా అని ఒక్క ప్రశ్న వేస్తే, ఎదుటివాడికి పని ఎంత తెలుసో తేలిపోతుంది.

పైపుల విషయానికొస్తే, పీవీసీ తీసేయండి. పొడి పోతున్నప్పుడు ప్లాస్టిక్‌లో స్టాటిక్ కరెంటు పుడుతుంది. జీఐ (జింకు పూత ఇనుప రేకు) స్పైరల్ డక్ట్ వేసి, ప్రతి జాయింటు దగ్గరా రాగి తీగ దాటించి ఎర్తింగ్ చేయించండి. కొమ్మ పైపు మెయిన్‌లోకి టీ ఆకారంలో నిటారుగా గుద్దుకోకూడదు, 30 లేదా 45 డిగ్రీల ఏటవాలుగా, పక్క నుంచో పై నుంచో కలవాలి. వంపులు గుండ్రంగా, పైపు వ్యాసానికి ఒకటిన్నర రెట్లకు తగ్గని రేడియస్‌తో ఉండాలి. ఫ్లెక్సిబుల్ గొట్టం మెషీన్ కదిలే చోట మాత్రమే, అదీ పొట్టిగా, ఎందుకంటే దాని లోపలి ముడతలు మామూలు పైపు కంటే రెండు మూడింతలు గాలిని అడ్డుకుంటాయి. పాత డక్టులో పొట్టు కూర్చుందో లేదో తెలుసుకోవాలంటే కింద భాగంలో చెక్క సుత్తితో తట్టి చూడండి. ఖాళీ పైపు ఖంగుమంటుంది, పొట్టు నిండింది మొద్దుగా పలుకుతుంది.

ప్రతి మెషీన్‌కీ పైపును మూసే గేటు పెట్టి, వాడనప్పుడు మూస్తే కరెంటు ఆదా అని వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని తగ్గించి పెంచే పరికరం) అమ్మేవాళ్లు చెబుతారు. నిజమే. కానీ ఒక్క మెషీనే నడుస్తున్నప్పుడు 14 అంగుళాల మెయిన్‌లో వేగం పడిపోయి పొట్టు అక్కడే కూర్చుంటుంది. వీఎఫ్‌డీ పెట్టేట్టయితే కనీసం ఎన్ని గేట్లు తెరిచి ఉండాలో లెక్క వేయించుకుని గోడ మీద రాసి పెట్టండి.

ఇప్పుడున్న గుడ్డ సంచుల కలెక్టర్‌ని షెడ్డు లోపలి నుంచి తీసేయండి, ఇందులో బేరం లేదు. మోటార్ ఆన్ చేయగానే ఆ సంచి ఉబ్బి చుట్టూ పొగలా వస్తుందే, ఊపిరితిత్తుల్లోకి పోయే సన్న దుమ్ము అదే. పెద్ద పొట్టును నేల మీద నుంచి ఎత్తి, సన్నదాన్ని గాల్లోకి తిరిగి వదులుతోంది. బయట పెట్టే పల్స్ జెట్ బ్యాగ్ ఫిల్టర్ (గాలి దెబ్బతో తన సంచులను తానే దులుపుకునేది) తీసుకోండి. ఎండీఎఫ్ ఎక్కువగా కోసే షాపుకి ఫిల్టర్ గుడ్డలోంచి గాలి నిమిషానికి 2 మీటర్లకు మించి పోకూడదని నేనైతే పట్టుబడతాను, అంటే మీ 4450 సీఎఫ్ఎమ్‌కు 63 చదరపు మీటర్ల గుడ్డ. బ్లోయర్ ఫిల్టర్ తర్వాత, శుభ్రమైన గాలి వైపు ఉండాలి. పొట్టు నేరుగా బ్లోయర్ రెక్కల (ఇంపెల్లర్) మీద పడితే, అందులో ఒక్క మేకు వచ్చినా నిప్పురవ్వే. చలిదేశాల్లో హీటింగ్ ఖర్చు మిగలాలని ఫిల్టరైన గాలిని మళ్లీ లోపలికి తెచ్చుకుంటారు, మనకు ఆ అవసరం లేదు, బయటికే వదిలేయండి.

అగ్గి విషయం తేలిగ్గా తీసుకోకండి. చెక్కపొడి గాల్లో కలిసి ఉన్నప్పుడు పేలుతుంది. 2012లో కెనడా బ్రిటిష్ కొలంబియాలో రెండు రంపపు మిల్లులు కొన్ని నెలల తేడాతో పేలి ఒక్కోచోట ఇద్దరు చనిపోయారు. 2015లో ఇంగ్లండులోని బోస్లీలో చెక్కపిండి మిల్లు పేలి నలుగురు పోయారు. ఇలాంటి చోట్ల మొదటి పేలుడు చిన్నదే అయినా, అది దూలాల మీద పేరుకున్న దుమ్మునంతా దులిపి గాల్లో లేపితే రెండోది అంటుకుంటుంది, బిల్డింగును లేపేసేది ఆ రెండోదే. కాబట్టి మీ ట్యూబ్‌లైట్ల మీది దుమ్ము ఒట్టి మురికి కాదు. కలెక్టర్‌కు పేలుడు ఒత్తిడి బయటికి పోయే వెంట్ ప్యానెల్ ఉండాలి, అది మనుషులు తిరిగే దారి వైపు ఉండకూడదు. మంట డక్టులోంచి షెడ్డులోకి వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ డ్యాంపర్, కింద పొట్టు దిగే చోట రోటరీ వాల్వ్, సాండర్ లైనులో నిప్పురవ్వను పసిగట్టి నీళ్లు చల్లే స్పార్క్ డిటెక్షన్ పెట్టించండి. వెల్డింగ్, గ్రైండింగ్ ఆ డక్టు దరిదాపుల్లో వద్దు. దూలాలు శుభ్రం చేయడానికి కంప్రెసర్ గాలి అసలే వద్దు, యాంటీ స్టాటిక్ ఇండస్ట్రియల్ వ్యాక్యూమ్ వాడండి.

ఇక ఆ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు. గోడ ఫ్యాన్ దుమ్మును మెషీన్ దగ్గర పట్టదు, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి, మధ్యలో ఉన్నవాళ్లందరి ముఖాల మీదుగా ఈడ్చుకెళుతుంది. టర్బో వెంటిలేటర్ వేడి పోవడానికి బాగానే పనికొస్తుంది గానీ దుమ్ముకి దాన్ని నమ్ముకోలేం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్లోనే, దుమ్ము లాగే ఏర్పాటు అది పుట్టే చోటికి ఎంత వీలైతే అంత దగ్గరగా ఉండాలని రాశారు. అయితే వెంటిలేషన్ అక్కర్లేదని కాదు. నిమిషానికి 4450 ఘనపుటడుగుల గాలి బయటికి పోతే అంతే గాలి లోపలికి రావాలి, తలుపులన్నీ మూసుకుని కూర్చుంటే కలెక్టర్ ఊపిరాడక నీరసిస్తుంది. సుమారు 2 చదరపు మీటర్ల లూవర్లు (పలకల సందుల్లోంచి గాలి వచ్చే కిటికీలు) పనివాళ్ల వెనక వైపు గోడకు పెట్టండి. తాజా గాలి ముందు మనిషిని తాకి తర్వాత మెషీన్ వైపు వెళ్లాలి. ఇదంతా అయ్యాక వేడి బయటికి పోవడానికి గోడ ఫ్యాన్లు పెట్టుకుంటే తప్పు లేదు.

డబ్బు ఒకేసారి లేకపోతే హుడ్లూ జీఐ డక్టూ ముందు, పూర్తి సైజులో చేయించండి. ఫిల్టరూ బ్లోయరూ వచ్చేదాకా, షెడ్డు బయటికి మార్చిన పాత కలెక్టర్‌తో రెండు మెషీన్ల గేట్లు మాత్రమే తెరిచి నడపండి, కానీ పెద్ద మెయిన్‌లో పొట్టు కూర్చుంటుంది కాబట్టి సుత్తితో తట్టి చూస్తూ ఖాళీ చేయిస్తుండండి. ఇంకొకటి, పర్చేజ్ ఆర్డర్‌లో హెచ్‌పీ రాసి వదిలేయకుండా, ప్రతి హుడ్డు దగ్గరా ఇంత సీఎఫ్ఎమ్ కొలిచి చూపించాకే ఆఖరి వాయిదా అని రాయించండి. ఆ మాటకి మొహం మాడ్చుకునే సప్లయర్‌ని వదిలేయండి. బ్యాగులకు అటూ ఇటూ ఒత్తిడి తేడా చూపే డిఫరెన్షియల్ ప్రెషర్ గేజ్ ఒకటి పెట్టించుకుని, రోజూ ఒకే టైములో అంకె రాసే పని ఒక కుర్రాడికి అప్పజెప్పండి. వానాకాలంలో తేమకి బ్యాగులు గట్టిపడితే ఆ అంకె మీకంటే ముందు చెబుతుంది.

ప్రశ్న: అన్నయ్యగారూ, మేం మైసూర్ రోడ్ టింబర్ యార్డ్ దగ్గర ఉంటాం. మా ఆయన పదిహేనేళ్లుగా టేకు తలుపులకు సాండింగ్ చేస్తున్నారు. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటారు. కొన్ని నెలలుగా ఒక పక్క ముక్కు మూసుకుపోయి ఉంటోంది, చీదితే అప్పుడప్పుడు రక్తం చార. దుమ్ముకి జలుబేలే అంటారు. ఓనరు మొన్న పల్చటి సర్జికల్ మాస్కులు ఇచ్చారు.

జవాబు: అమ్మా, ఈ వారమే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి, వాయిదా వేయొద్దు. ఒకే పక్క ముక్కు మూసుకుపోవడం, రక్తం పడడం చాలాసార్లు మామూలు కారణాలతోనే ఉంటుంది, ముందే భయపడకండి. కానీ చెక్కపొడిలో ఏళ్లతరబడి పనిచేసిన మనిషికి ఈ లక్షణాలు తప్పకుండా ఎండోస్కోప్‌తో చూడాల్సినవి. చెక్కపొడి ముక్కులోనూ దాని పక్క సైనసుల్లోనూ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995లోనే తేల్చి చెప్పింది. డాక్టర్‌తో మొదటి మాటే "పదిహేనేళ్లుగా సాండింగ్ పని" అని చెప్పండి, అడిగేదాకా ఆగకండి. ఈఎస్‌ఐ కార్డు ఉంటే రాజాజీనగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. కార్డు లేకపోతే ఎందుకు లేదో ఓనర్‌ని అడగాలి.

తువ్వాలు, సర్జికల్ మాస్కు రెండూ సన్న దుమ్ముని ఆపవు, పక్కల నుంచి గాలి జారిపోతుంది. కనీసం ఎన్95, ముక్కు దగ్గర క్లిప్ నొక్కి, ముఖానికి అతుక్కునేలా కట్టుకోవాలి. గడ్డం ఉంటే అది సరిగా పట్టదు. అయినా మాస్కు ఆఖరి అడ్డు మాత్రమే, ముందు మెషీన్ మారాలి. దుమ్ము లాగే చిల్లులున్న ఆర్బిటల్ సాండర్, దానికి గొట్టంతో తగిలే మంచి ఫిల్టరున్న వ్యాక్యూమ్, ఈ రెండూ కలిపి కొనడం ఓనర్‌కి భరించలేని ఖర్చేమీ కాదు. ఆయనకి ఈ లెక్క చూపించండి. గట్టి చెక్కల దుమ్ముకి బ్రిటన్‌లో పరిమితి ఘనపు మీటరు గాలికి 3 మిల్లీగ్రాములు, యూరప్‌లో 2. పైన చెప్పిన పీణ్యా షెడ్డంత పెద్ద షెడ్డులో కూడా, గాల్లో మొత్తం కలిపి పది గ్రాముల దుమ్ము తేలుతుంటే బ్రిటన్ పరిమితి నిండిపోయినట్టే. ఒక్క తలుపు సాండింగ్‌లో ఎంత పొడి రాలుతుందో మీ ఆయనకి తెలుసు.

సాయంత్రం బట్టల మీద కంప్రెసర్ గాలి కొట్టుకునే అలవాటుంటే ఇవాళే మానిపించండి. పని బట్టలు అక్కడే విప్పి, కవర్లో పెట్టి తెచ్చి, విడిగా ఉతకండి. ఇంట్లో పిల్లలుంటే ఇది ఇంకా ముఖ్యం.

ప్రశ్న: బొమ్మసంద్రలో కొత్త షెడ్డు కడుతున్నాం. పాలిష్ బూత్‌కి వేరే ఎగ్జాస్ట్ ఎందుకు, డస్ట్ కలెక్టర్ డక్టులోనే కలిపేస్తే ఖర్చు తగ్గుతుందని మా కాంట్రాక్టర్ అంటున్నాడు. చేయొచ్చా?

జవాబు: వద్దు. పీయూ, మెలమైన్ పాలిష్‌ల ఆవిరికీ, థిన్నర్ ఆవిరికీ చెక్కపొడికీ ఒకే డక్టులో చోటిస్తే, పొడి ఒక్కటే ఉన్నప్పటికంటే చాలా చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. పైగా పాలిష్ తుంపర బ్యాగులకు అంటుకుని అట్టకట్టి, నెల తిరక్కుండా ఫిల్టర్ మూసుకుపోతుంది. బూత్‌కి సొంత ఫిల్టర్, సొంత ఫ్యాన్, ఫ్లేమ్ ప్రూఫ్ మోటార్, విడి గొట్టం. సాండింగ్ గదికీ బూత్‌కీ మధ్య గోడ లేపండి. గోడ ఉంటే పాలిష్ మీద దుమ్ము రవ్వలు కూర్చోవడం తగ్గి, రెండోసారి రుద్దే పని కూడా తప్పుతుంది. ఈ కోణంలో చెబితే కాంట్రాక్టర్లు కూడా త్వరగా ఒప్పుకుంటారు.

ప్రశ్న: కామాక్షీపాళ్యలో మాది చిన్న ప్లైవుడ్, ఎండీఎఫ్ కటింగ్ షాపు. కొత్త కలెక్టర్ పెట్టాక రోజుకి నాలుగైదు గోనెసంచుల పొడి వస్తోంది. కోళ్లఫారం వాళ్లు లిట్టర్‌కి అడుగుతున్నారు, పక్క హోటల్ అతను పొయ్యికి అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: మీ పొడిలో ఎండీఎఫ్, ప్లైవుడ్ జిగురు ఉంటుంది, అందులో ఫార్మాల్డిహైడ్ రెజిన్. కోళ్లకి వద్దు, అన్నం వండే పొయ్యికి అసలే వద్దు. లామినేట్ ముక్కలు కలిసి కాలితే పొగ ఇంకా చెడ్డది. ముడి చెక్క మాత్రమే కోసే రోజుల పొట్టును వేరే సంచుల్లో పట్టగలిగితే అది ఇవ్వొచ్చు, అదీ మందు పట్టించిన చెక్క కాకపోతేనే. మిగిలింది బ్రికెట్లు (పొట్టును నొక్కి చేసే కాల్చే దిమ్మెలు) చేసేవాళ్లని అడగండి, కానీ ఎండీఎఫ్ పొడి అని ముందే చెప్పి, వాళ్ల బాయిలర్‌కి అది నడుస్తుందంటేనే ఇవ్వండి. చెక్కల గురించి అనుమానాలుంటే మల్లేశ్వరం 18వ క్రాస్‌లోని చెక్క పరిశోధనా సంస్థ, ఐడబ్ల్యూఎస్‌టీలో అడగొచ్చు. సంచులు మాత్రం షాపు లోపల గుట్టగా పేర్చకండి, రాత్రి మూసేముందు బయటి రేకుల గదిలోకి మార్చేయండి. సాండర్ నుంచి వచ్చిన పొడిలో కనపడని నిప్పు గంటల తరబడి రాజుకుంటూ ఉంటుంది, కాబట్టి ఆ సంచిని మిగతావాటికి దూరంగా విడిగా ఉంచండి.